ఫోల్డరుకు నాలుగు హద్దులు

యజమాని అనే మాట ఎక్కడ వినబడినా రెవెన్యూ శాఖ వారికి నిద్ర పట్టదు. ఇళ్లలో ఉండే కంప్యూటర్లలో ప్రతి ఫోల్డరుకీ ఒక యజమాని ఉంటాడని, ఆయనగారి అనుమతి లేకుండా అందులోకి ఎవరూ అడుగు పెట్టలేరని పైవాళ్లకి ఎవరో చెవిలో ఊదారు. ఊదిన మహానుభావుడి ఆచూకీ ఇంతవరకూ తెలియలేదు. యజమాని ఉన్నాడు, ప్రవేశం ఉంది, హక్కు ఉంది, ఆక్రమణ ఉంది. ఇన్ని ఉన్నాక అది భూమి కాక మరేమవుతుంది? ఇలా ఆలోచించి, రాష్ట్రంలోని ఇంటి ఫోల్డర్లన్నిటినీ రెవెన్యూ పరిధిలోకి తెస్తూ ఉత్తర్వు ఇచ్చేశారు. తహసీల్దార్లందరినీ పిలిచి శిక్షణ కూడా ఇచ్చారు. శిక్షణలో భోజనం బాగుందని వెళ్లినవాళ్లంతా ఒప్పుకున్నారు.

చింతలమెరక హైస్కూల్లో సోషల్ చెప్పే వకుళకి ఈ ఉత్తర్వు సంగతి తెలియదు. ఆవిడ గోలలో ఆవిడ ఉంది. ఆ గోల పేరు నాటిక. పెళ్లి కాకముందు నుంచీ వకుళ నాటికలు రాస్తూనే ఉంది. నాటక పరిషత్తుల పోటీలకి పంపుతూనే ఉంది. అవి వెళ్లినంత క్షేమంగా తిరిగొస్తూనే ఉన్నాయి. అలాంటిది ఈ ఏడు ‘గోడవతల అక్క’ పోటీకి ఎంపికైంది. ఒకే గోడకి అటొకరూ ఇటొకరూ కాపురం ఉంటూ, ఏళ్ల తరబడి మాటల్లేని ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ అది. చివరి రంగంలో అక్క గోడ దగ్గరకొచ్చి నోరు విప్పుతుంది. ఆ విప్పిన నోట్లోంచి ఏ మాట రావాలో తెలియక వకుళ ఎన్నాళ్లో కొట్టుకుంది. చివరికి ఒక ఆదివారం పొయ్యి మీద పప్పు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంటే, పప్పు మాడింది, రంగం కుదిరింది. ముందు రంగాలన్నీ నటుల చేతికిచ్చింది గానీ, ఆ ఒక్కటి మాత్రం ఇంకొంచెం చెక్కుదామని తన దగ్గరే ఉంచుకుంది.

ఆవిడ భర్త మార్కండేయులు మోటార్లకి వైండింగు చుట్టే షాపు నడుపుతాడు. మనసు మంచిది. ఆ మంచితనంతోనే, భార్య నాటిక ఎంపికైన సంతోషంలో, నత్తలా నడుస్తున్న కంప్యూటర్ని రిపేరు షాపుకి మోసుకుపోయి, లోపలి పాత సాఫ్ట్‌వేరు తీయించి సరికొత్తది వేయించి తెచ్చాడు. వకుళ స్కూలు నుంచి వచ్చి మురిసిపోయింది. మురిసిపోతూ ‘నాటిక’ అనే తన ఫోల్డరు మీద నొక్కింది.

ఈ ఫోల్డరు తెరవడానికి మీకు అనుమతి లేదు, అంది కంప్యూటర్.

“ఏవండీ! నా ఫోల్డరు నన్నే రావద్దంటోంది!”

“నువ్వెవరో చెప్పావా?” అన్నాడు మార్కండేయులు, కాఫీ కలుపుతూ.

కంప్యూటర్ షాపు రహమతుల్లా వచ్చి చూశాడు. “ఏం లేదు మేడమ్. పాత ఖాతా పోయింది, మీకు కొత్త ఖాతా వచ్చింది. ఫోల్డరు ఇంకా ఆ పాత ఖాతానే యజమాని అనుకుంటోంది. ఇదిగో, ఇక్కడ ‘స్వాధీనం చేసుకో’ అని ఉంది చూశారా? నొక్కితే అయిపోద్ది.”

“హమ్మయ్య. నొక్కండి మరి.”

రహమతుల్లా చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. “అమ్మో! నేను నొక్కను మేడమ్. కొత్త రూలొచ్చింది. యజమాని లేని ఫోల్డరుని స్వాధీనం చేసుకుంటే ఆక్రమణ కేసు. మా షాపు గోడకి అంటించి వెళ్లారు.”

మార్కండేయులు ముందుకొచ్చాడు. “ఇదేం చోద్యమయ్యా! నేను నొక్కుతా, లెగు.”

“మీకేం, నొక్కేస్తారు! ఆక్రమణ అని రాస్తే పోయేది నా ఉద్యోగం” అంటూ వకుళ అతని చేతిలోంచి మౌసు లాక్కుంది. సర్కారు ఉద్యోగి సర్కారు రూలు దాటితే ఏమవుతుందో సోషల్ టీచరుకి వేరే చెప్పక్కర్లేదు. పరిషత్తు చూస్తే నెల కూడా లేదు.

మర్నాడు గ్రామ సచివాలయానికి వెళ్లింది. వీఆర్వో గవర్రాజు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, కొత్త దరఖాస్తు ఒకటి తీసి, కళ్లజోడు సవరించుకున్నాడు.

“ఫోల్డరు ఎక్కడుందండి టీచరు గారూ?”

“మా ఇంట్లోనండి.”

“ఇల్లు నాకు తెలుసండి. ఫోల్డరు ఎక్కడా అని.”

“డీ డ్రైవులో.”

“మెట్టా, పల్లమా?”

వకుళ కాసేపు ఆలోచించింది. “తెర మీద సీ డ్రైవుకి కింద కనిపిస్తుందండి.”

“కిందంటే పల్లమేనండి” అని రాసుకున్నాడు. “హద్దులు చెప్పండి. తూర్పు?”

కళ్లు మూసుకుని తెరని గుర్తు చేసుకుంది వకుళ. “తూర్పున మా పెళ్లి ఫొటోలు. పడమర మా వారి మోటారు బిల్లులు. ఉత్తరాన పదో తరగతి ప్రశ్నపత్రాలు. దక్షిణాన ఏమీ లేదండి, ఖాళీ.”

“ఏమీ లేదని రాయకూడదండి. ‘సర్కారు బంజరు’ అని రాద్దాం. యజమాని పేరు?”

“నేనేనండి!”

“మీరనుకుంటే సరిపోదు కదండీ. ఫోల్డరు ఏమనుకుంటోంది?”

‘గుర్తు తెలియని ఖాతా’ అనుకుంటోందని వకుళ ఒప్పుకోక తప్పలేదు. గవర్రాజు పెన్ను కింద పెట్టేశాడు. ఎవరో పోయిన కబురు విన్నట్టుగా తల ఊపాడు.

“అయితే సర్వే పడుద్దండి” అన్నాడు.

సర్వేయరు వచ్చాడు. గొలుసు, దిక్సూచి పట్టుకుని గదంతా తిరిగాడు. కంప్యూటర్ బల్ల ఉత్తరం గోడకి ఉండాల్సింది తూర్పు గోడకి ఉందని, అందుచేత టీచరు గారు చెప్పిన హద్దులన్నీ తారుమారయ్యాయని తేల్చాడు. దరఖాస్తు దిద్దడం కంటే బల్ల తిప్పడం తేలికన్నాడు. ముగ్గురూ కలిసి బల్ల తిప్పారు. వైరు ఊడింది. తెర నల్లబడింది. “సర్వే జరుగుచుండగా సదరు భూమి కనుమరుగైనది” అని సర్వేయరు పుస్తకంలో ఎక్కించుకున్నాడు. మార్కండేయులు పరుగున వెళ్లి వైరు పెట్టేసరికి, “మరల ప్రత్యక్షమైనది” అని దాని కిందే రాసుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. సర్వేయరు మార్కండేయుల్ని ఎగాదిగా చూశాడు. “మీరు ఈవిడ ఫోల్డరు మీదుగా ఎప్పుడైనా రాకపోకలు సాగించారా?”

“అంటే?”

“లోపల మీదేమైనా ఉందా?”

మార్కండేయులు నీళ్లు నమిలాడు. “పాత రికార్డింగులండి, రెండో మూడో... కబడ్డీవి. చోటు లేక అందులో పడేశాను.”

“నా నాటికలో కబడ్డీయా!” అంది వకుళ.

“దారి హక్కు క్లెయిము వస్తుందండి” అన్నాడు సర్వేయరు సంబరంగా. దాంతో, కట్టుకున్న పెళ్లాం ఫోల్డరులో తనకు దారి గానీ, గట్టు గానీ, వాటా గానీ లేదని మార్కండేయులు సచివాలయానికి వెళ్లి వాంగ్మూలం ఇచ్చి రావాల్సి వచ్చింది. వేలిముద్ర కూడా తీసుకున్నారు. ఆ మర్నాడు వీధిలో దండోరా వేయించారు. “నాటిక అనబడే ఫోల్డరు మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే హాజరు కావలెనహో!” అని డప్పు మోగుతుంటే ఇరుగుపొరుగు మేడలెక్కి చూశారు. ఎదురింటి కనకరత్నం గారు, అభ్యంతరం లేదుగానీ ఫోల్డరంటే ఎలా ఉంటుందో ఒకసారి చూసి వెళ్తానని వచ్చి, టిఫిను చేసి వెళ్లారు.

డప్పు చప్పుడు విని నాటక సమాజం భాగ్యారావు లగెత్తుకొచ్చాడు. పగలు టిఫిను హోటలు, సాయంత్రం దర్శకత్వం ఆయన పని.

“అమ్మా వకుళమ్మా! అక్క ఏం మాట్లాడుద్దో చెప్పకపోతే నేను రిహార్సలెలా చేయించనమ్మా? అక్క వేషం వేసే ఆ సుభాషిణి గోడ దాకా వచ్చి, ఆగి, నావంక చూస్తోంది. నేను ఆవిడ వంక చూస్తున్నాను. రోజూ ఇదే వరస!”

“మళ్లీ రాయడానికి చూస్తున్నానండి, రావడం లేదు. అక్క మాట్లాడుతోంది గానీ ఉపన్యాసం ఇస్తోంది.”

“ఉపన్యాసమా? వద్దమ్మా, బాబోయ్! అవి ఇచ్చేవాళ్లు పక్క సమాజంలో కావలసినంత మంది ఉన్నారు.”

ఆయన వెళ్లాక వకుళ మళ్లీ కాగితాలు ముందేసుకుంది. రాసింది, కొట్టేసింది. ఉప్పు లేని పప్పులా ఉంది. అసలు మాట కళ్ల ముందున్న పెట్టెలోనే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. దుఃఖం కంటే ఎక్కువ కోపం వచ్చింది. వీళ్ల దుంప తెగా, నేను రాసుకున్న మాట నాకు వినపడనివ్వకుండా ఈ గొలుసులేమిటి, ఈ డప్పులేమిటి అనుకుంది.

తహసీల్దారు త్రయంబకేశ్వరరావు గారి ఎదుట విచారణ పెట్టారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో ఉప్పు అడగాలన్నా “లవణ విషయమై తగు చర్య” అంటారని సిబ్బంది చెప్పుకుంటారు.

“సదరు ఫోల్డరు యొక్క నమోదిత యజమాని అయిన గుర్తు తెలియని ఖాతాను పిలువుడు” అన్నారు.

అటెండరు గుమ్మంలోకి వెళ్లి గొంతెత్తాడు. “గుర్తు తెలియని ఖాతా! హాజర్!”

వరండాలో ఒక ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. “నన్నేనా బాబూ? నా పింఛను ఆగిపోయి చానాళ్లయింది. వెళ్లినప్పుడల్లా గుర్తు తెలియట్లేదనే అంటన్నారు.” ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టారు. అటెండరు మరో రెండుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు.

తహసీల్దారు గొంతు సవరించుకున్నారు. “ముమ్మారు పిలిచినను యజమాని హాజరు కానందున, యజమాని లేని ఆస్తి యావత్తూ ప్రభుత్వమునకు సంక్రమించునను సహజ న్యాయసూత్రము ననుసరించి, సదరు ఫోల్డరును అందలి చెట్టుచేమలు, నిధినిక్షేపములతో సహా ప్రభుత్వ భూమిగా ప్రకటించడమైనది.”

“చెట్టూ చేమా లేవండీ అందులో! ఇద్దరు ఆడవాళ్లున్నారు!” వకుళ లేచి నిలబడింది. తను లేచినట్టు తనకే తెలియదు. “ఒక అక్క, ఒక చెల్లెలు. వాళ్లు మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో! మాట్లాడించడానికి నా ప్రాణం పోయింది. ఇప్పుడు తీరా నోరు విప్పబోతుంటే మీరొచ్చి మధ్యలో గొలుసు పట్టుకుని నిలబడ్డారు. నాకు భూమొద్దు, పుట్రా వద్దు. అక్క మాట నాకు ఇప్పించండి చాలు!”

అటెండరు ముక్కు తుడుచుకున్నాడు. త్రయంబకేశ్వరరావు గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. ఆయన చెడ్డవాడు కాడు. మంచితనానికి కూడా ఒక సెక్షను కావాలి ఆయనకి, అంతే.

“మార్గము లేకపోలేదు” అన్నారు చివరికి. “ప్రభుత్వ భూమిని నిరుపేదలకు పట్టా ఇవ్వవచ్చును. ఈమెకు వేరే ఫోల్డరు ఉన్నదా?”

గవర్రాజు దరఖాస్తు తిరగేశాడు. పెళ్లి ఫొటోలు ఉమ్మడి ఆస్తి. ప్రశ్నపత్రాలు విద్యాశాఖవి. బిల్లులు మొగుడివి. “లేదండి. ఆవిడకంటూ సెంటు ఫోల్డరు లేదండి” అన్నాడు ఉత్సాహంగా.

అలా వకుళ ‘ఫోల్డరు లేని నిరుపేద’గా ధ్రువీకరణ పొందింది. ఆవిడ ఇంటి ముందే షామియానా వేసి పట్టా ఇచ్చారు. దండ వేశారు, ఫొటో తీశారు. కొబ్బరికాయ కొట్టాక, తహసీల్దారు సమక్షంలో రహమతుల్లా ఆ ‘స్వాధీనం చేసుకో’ మీద నొక్కాడు. ఫోల్డరు తెరుచుకుంది. కబడ్డీ పక్కనే చివరి రంగం ఉంది, చెక్కుచెదరకుండా. వకుళ పైనుంచి కిందికి చదువుకుని, తెరని చేత్తో నిమిరింది.

భాగ్యారావు అప్పటికే పెన్‌డ్రైవు జేబులో వేసుకుని గుమ్మంలో ఉన్నాడు. ఆయన కంటే ముందే గవర్రాజు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“ఇబ్బందేనండి భాగ్యారావు గారూ. పట్టా భూమిని అన్యాక్రాంతం చేయకూడదు. ఫోల్డరులోంచి ముక్క బయటికెళ్లినా పట్టా రద్దండి. చూస్తా ఉండమని నాకు డ్యూటీ వేశారు.”

“ముక్క కాదయ్యా బాబూ, ఒక్క రంగం!”

వకుళ కలగజేసుకుంది. “అదేమిటండీ గవర్రాజు గారూ? పట్టా భూమిలో పండిన పంట రైతు తీసుకెళ్లొచ్చు కదా?”

“పంటైతే తీసుకెళ్లొచ్చండి. కానీ మాటలు పంట కాదండి, ఫోల్డరు మట్టే మాటలు. మట్టి తవ్వి ట్రాక్టరుకెత్తితే ఏమంటారండి? అక్రమ తవ్వకం!” పెన్‌డ్రైవు వంక అదోలా చూశాడు. “ఇదిగో, ట్రాక్టరు కూడా తెచ్చేశారు.”

భాగ్యారావు అరుగు మీద కూలబడ్డాడు. పరిషత్తు వారంలో పడింది. వకుళ గుమ్మానికి ఆనుకుని ఆలోచించింది. ఈ మనుషుల్ని వాళ్ల దారిలోనే వెళ్లి పట్టుకోవాలని అప్పటికి ఆవిడకి బోధపడింది.

“గవర్రాజు గారూ, ఒక సందేహం. ఎవరైనా పొలాన్ని నోటిమాట మీద ఇంకొకరికి ఇచ్చేశారనుకోండి. చెల్లుతుందా?”

“ఎందుకు చెల్లుద్దండీ! నోటిమాటకి రికార్డులో విలువే లేదు. ఇచ్చినోడు ఇవ్వనట్టే, పుచ్చుకున్నోడు పుచ్చుకోనట్టే.”

“అంటే ఏమీ జరగనట్టే?”

“అక్షరాలా.”

“మరి నేనిక్కడ కూర్చుని రంగం గట్టిగా చదువుతాను. వీళ్లు విని, నోటికి పట్టుకుంటారు. అప్పుడు?”

గవర్రాజు చాలాసేపు ఆకాశం వంక చూశాడు. తర్వాత జేబులోంచి రూళ్ల పుస్తకం తీసి చూశాడు. చూసి, మూసేశాడు. ఆయన మొహం విప్పారింది. “ఏమీ జరగనట్టేనండి టీచరు గారూ! కాపోతే, ఏమీ జరగలేదని సాక్ష్యానికి నేను ఇక్కడే కూర్చోవాలండి.”

రోజూ సాయంత్రం వకుళ ఇంటి హాల్లో ఏమీ జరగలేదు. నటులు వచ్చేవారు. వకుళ తెర చూసి చదివేది, వాళ్లు వెంటనే అనేవారు. మార్కండేయులు టీలు అందించేవాడు. గవర్రాజు సాక్ష్యం కూర్చునేవాడు. అలా కూర్చుని కూర్చుని ఆయనకి మొత్తం వచ్చేసింది. సుభాషిణి తడబడినప్పుడు మాట అందించింది ఆయనే. “ఇంకోసారి చదవండి టీచరు గారూ, ఏమీ జరగలేదో లేదో సరిగా చూడలేదు” అని అడిగి మరీ చదివించుకున్నాడు.

పరిషత్తు రోజున తహసీల్దారు గారు ముందు వరసలో కూర్చున్నారు. మట్టి బయటికి వెళ్తున్నదీ లేనిదీ స్వయంగా పరిశీలించడానికి వచ్చానని పక్కవాళ్లకి చెప్పారు. వకుళ తెర చాటున నిలబడి చీర కొంగు నలిపేస్తోంది. ఇన్నేళ్లలో ఆవిడ మాట స్టేజీ మీద వినపడడం ఇదే మొదలు.

చివరి రంగం వచ్చింది. అక్క వంటింట్లో పోపు పెడుతోంది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. స్టవ్వు కట్టేసి, గోడ దగ్గరకొచ్చి నిలబడింది. అవతల చెల్లెలి పెరట్లో కరివేపాకు చెట్టు. అక్క గోడ మీద చెయ్యి వేసింది.

“ఏమే చిన్నీ... ఓ రెబ్బ కరివేపాకు ఇస్తావా? ఇన్నేళ్లూ అది లేకుండానే పోపేశానే.”

అంతే. చెల్లెలు ఏమీ అనలేదు. కొమ్మ మొత్తం విరిచి పట్టుకొచ్చింది.

హాల్లో ఎక్కడో ఒక ముక్కు చీదిన చప్పుడు. ఇంకొకటి. అక్కచెల్లెళ్లతో మాటల్లేని వాళ్లు ఆ ఊళ్లో అంతమంది ఉన్నారని ఎవరికీ తెలియదు. చప్పట్లు ఆలస్యంగా మొదలై, ఆగకుండా మోగాయి. వకుళ స్తంభాన్ని కావలించుకుని నిలబడిపోయింది.

బహుమతి మాత్రం రాలేదు. స్టేజీ మీద నిజం లారీ ఎక్కించిన సమాజానికి మొదటి బహుమతి ఇచ్చారు. న్యాయనిర్ణేతలు ‘గోడవతల అక్క’ గురించి మాట్లాడుతూ, పోపు వాసన సహజంగా ఉందని మెచ్చుకున్నారు. వకుళ నవ్వేసి ఇంటికొచ్చింది గానీ, లోపల ఎక్కడో చివుక్కుమంది. ఒక్కళ్లయినా బాగా రాశావమ్మా అని ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్నే గవర్రాజు వచ్చాడు. గుమ్మంలో నిలబడి నసుగుతున్నాడు.

“టీచరు గారూ, ఏమనుకోకండి. తహసీల్దారు గారు పంపించారు. నీటి తీరువా కట్టాలండి.”

“నీటి పన్నా?” మార్కండేయులు షాపు తాళాలు పట్టుకుని ఆగిపోయాడు. “ఫోల్డరుకి నీళ్లేంటయ్యా? తడిస్తే చస్తుంది!”

“పట్టా ఫోల్డరు వల్ల నీరు పారితే తీరువా పడుద్దండి. రాత్రి హాల్లో పారింది కదండీ. ముందు వరస నుంచి ఆఖరి బెంచీ దాకా తడిసిందని ఆయనే కళ్లారా చూసి రాశారు. తన అక్కగారితో తనకి మాటల్లేవని ఆయన నాతో అన్నారు గానీ, అది రికార్డులోకి ఎక్కలేదండి. నోటిమాట. కానీ తన రుమాలు మాత్రం ఆధారం కింద ఫైల్లో పెట్టారు. ఇప్పటికీ ఆరలేదండి.”

అవార్డులూ శాలువాలూ వచ్చినవాళ్లని వకుళ చాలామందిని చూసింది గానీ, నీటి తీరువా పడిన రచయిత్రిని ఎక్కడా చూడలేదు. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్లు నిండిపోయాయి. తుడుచుకున్నా ఆగలేదు, బుగ్గల మీద నుంచి జారిపోతున్నాయి.

“మరి వీటికో, గవర్రాజు గారూ? వీటికెంత కట్టాలి?”

గవర్రాజు గబగబా రూళ్ల పుస్తకం తీశాడు. పేజీలు తిప్పలేదు. మూసి చంకలో పెట్టుకున్నాడు.

“అవి సొంత వాడకమండి” అన్నాడు. “తీరువా లేదు.”